ఇంట్లో చేసుకునే ప్రొజెక్టర్‌కు ఏ మానిటర్ విప్పాలి, దేన్ని ముట్టకూడదు

సైన్స్ ప్రదర్శనల కాలం దగ్గర పడిందంటే, మా దేవరకొండ వైపు పాఠశాలల్లో ఎవరో ఒక విద్యార్థి పాత మానిటర్‌ను గోనెసంచిలో చుట్టి సైకిల్ మీద తెచ్చుకోవడం ఏటా జరిగేదే. దాని తెరను విడదీసి, వెనుక బలమైన దీపం, ముందు కటకం అమర్చితే గోడ మీద ఆరడుగుల బొమ్మ పడుతుందని ఆ పిల్లవాడు ఫోనులో చూసి ఉంటాడు. చూసినది నిజమే, అలా చేసిన ప్రొజెక్టర్ పనిచేస్తుంది. అయితే ఆ వీడియోలలో చాలావాటిలో మానిటర్ అప్పటికే విప్పి బల్ల మీద సిద్ధంగా ఉంటుంది, ఏ రకం మానిటర్ తీసుకోవాలో, దేన్ని తెరవకుండా పక్కన పెట్టాలో ఎవరూ చెప్పరు. భౌతికశాస్త్రం బోధించే నేను ఇప్పటివరకు ఏడు మానిటర్లు విప్పాను, వాటిలో రెండింటిని పాడుచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఈ పనిలో భద్రత చాలావరకు మానిటర్‌ను ఎంచుకునే దగ్గరే తేలిపోతుంది. అందువల్ల విప్పే పద్ధతి కంటే ముందు, దేనికి దేనికి మధ్య ఎంచుకోవాలో వివరంగా రాస్తున్నాను.

మొదట మనకు కావలసినది ఏమిటో స్పష్టం చేసుకోవాలి. ఎల్‌సీడీ మానిటర్‌లో బొమ్మను చూపే గాజు ప్యానెల్‌కు సొంత వెలుగు ఉండదు. అది రంగుల కిటికీ వంటిది, దాని వెనుక ఉన్న బ్యాక్‌లైట్ వెలుగును ఒక్కొక్క చుక్క దగ్గర ఆపడమో వదలడమో చేస్తుంది. ఆ బ్యాక్‌లైట్‌ను తీసివేసి మన దీపాన్ని పెట్టుకుంటే ప్యానెల్ పెద్ద స్లైడులా మారుతుంది. అంటే ఆ గాజు ప్యానెల్, దానికి సంకేతాలు ఇచ్చే చిన్న బోర్డు, ఆ బోర్డుకు కరెంటు ఇచ్చే ఏర్పాటు మనకు చాలు. మిగిలినదంతా తీసి పక్కన పెట్టవలసినదే. ఆ మిగిలిన దానిలో ఎంత ప్రమాదం దాగి ఉన్నదన్నదే ఒక మానిటర్‌ను మరొక దానితో పోల్చడానికి మొదటి కొలమానం.

పాత డబ్బా మానిటర్లు

వెనుక భాగం పొడవుగా, డబ్బాలా ఉండే పాత సీఆర్‌టీ మానిటర్‌ను ఈ పని కోసం ఎవరూ తెరవకూడదు. దానిలో మనకు పనికివచ్చే ప్యానెల్ అసలు ఉండదు, ఉన్నది గాజు గొట్టం మాత్రమే. ఆ గొట్టానికి అందే వోల్టేజీ 20 వేల నుంచి 30 వేల వరకు ఉంటుంది, ప్లగ్గు తీసి చాలా రోజులైనా కొంత విద్యుదావేశం లోపల నిలిచి ఉండవచ్చు. పైగా గొట్టం లోపల గాలి ఉండదు కాబట్టి, గట్టి దెబ్బ తగిలితే గాజు లోపలికి కూలి ముక్కలు బయటికి చిమ్మవచ్చు. ఆ గాజులో సీసం కూడా కలిసి ఉంటుంది. పాత సామాన్ల దుకాణంలో చౌకగా వస్తున్నదని పిల్లలు దీన్ని తెచ్చుకుంటే, తెరవకుండానే వెనక్కి పంపించండి.

లోపలే కరెంటు సప్లై ఉన్న ఎల్‌సీడీలు

మూసివేసిన ఇంటర్నెట్ సెంటర్లు, కార్యాలయాల నుంచి ఎక్కువగా వచ్చేవి 15, 17, 19 అంగుళాల చదరపు మానిటర్లు. వీటిలో చాలావాటికి గోడ ప్లగ్గు నుంచి వచ్చే మూడు పిన్నుల తీగ నేరుగా మానిటర్ వెనుక భాగంలో దిగుతుంది. అంటే 230 వోల్టుల కరెంటు డబ్బా లోపలికే వస్తున్నదన్నమాట. అక్కడ అది డీసీగా మారి, సుమారు 325 వోల్టుల వద్ద, విద్యుదావేశాన్ని నిలవచేసే లావుపాటి కెపాసిటర్‌లో నిలుస్తుంది. బొటనవేలంత ఉండే ఆ కెపాసిటర్ మీద 400 లేదా 450 వోల్టులు అని ముద్రించి ఉంటుంది. ప్లగ్గు తీయగానే అది ఖాళీ అవుతుందన్న హామీ లేదు. కొన్ని బోర్డులలో ఆవేశాన్ని మెల్లగా తోడివేసే రెసిస్టర్ ఉంటుంది, కొన్నింటిలో ఉండదు, ఉన్నా పాడై ఉండవచ్చు.

ఈ విషయం నాకు పుస్తకంలో తెలుసు, చేతికి తెలియలేదు. మూడో మానిటర్ విప్పే రోజు మధ్యాహ్న భోజనానికి ముందే ప్లగ్గు తీశాను, గంటన్నర తరువాత బోర్డును ఎత్తుతుండగా స్క్రూడ్రైవర్ మొన కెపాసిటర్ రెండు కాళ్లకు ఒకేసారి తగిలింది. ఠప్పుమని శబ్దం వచ్చింది, నీలిరంగు మెరుపు కనిపించింది. మొన మీద మిరియపు గింజంత రెండు గుంటలు పడ్డాయి. స్క్రూడ్రైవర్ పిడి ప్లాస్టిక్‌ది కావడం వల్ల నా చేతికి ఏమీ కాలేదు. ఆ రోజు పక్కన ఇద్దరు విద్యార్థులు నిలబడి ఉన్నారు. ఆ స్క్రూడ్రైవర్‌ను ల్యాబ్‌లో దాచి ఉంచాను, ఎవరైనా మానిటర్ తెస్తే మొదట దాన్ని చేతికిచ్చి మొనను చూడమంటాను.

ఈ మానిటర్లలో రెండో ప్రమాదం బ్యాక్‌లైట్‌ది. 2010కి ముందువాటిలో దాదాపు అన్నింటిలోనూ ప్యానెల్ పై అంచున, కింది అంచున ట్యూబ్‌లైటు వంటి సన్నని సీసీఎఫ్‌ఎల్ గొట్టాలు ఉంటాయి. పుల్లంత సన్నగా, రెండు మూడు మిల్లీమీటర్ల వ్యాసంతో ఉండే ఆ గొట్టాలను వెలిగించడానికి లోపల ఉన్న ఇన్వర్టర్ అనే చిన్న బోర్డు వెయ్యి వోల్టులకు పైగా పుట్టిస్తుంది, వెలిగిన తరువాత కూడా వాటి మీద కొన్ని వందల వోల్టులు ఉంటాయి. గులాబీ, తెలుపు రంగుల తీగలు జంటగా వెళ్లే చిన్న కనెక్టర్లు కనిపిస్తే అవి ఇన్వర్టర్‌వే. గొట్టంలో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం కూడా ఉంటుంది కాబట్టి, విరిగితే దాని ఆవిరిని పీల్చకుండా జాగ్రత్తపడాలి.

ఇన్ని చెప్పినా ఈ రకానికి ఒక మంచి గుణం ఉన్నది. వీటి ప్యానెల్ గాజు కాస్త మందంగా ఉంటుంది, లోహపు చట్రం మరలతోనూ కొక్కేలతోనూ పట్టి ఉంటుంది కాబట్టి జిగురు బెడద ఉండదు. విడదీయడం యాంత్రికంగా సులువు, విద్యుత్తు పరంగా ప్రమాదకరం. టీవీ మరమ్మతు తెలిసిన పెద్దవారు పక్కన ఉండి, కెపాసిటర్‌ను వారే ఖాళీ చేస్తామంటే దీన్ని తీసుకోవచ్చు. విద్యార్థి ఒంటరిగా చేయవలసిన పని మాత్రం కాదు. ఖాళీ చేయడానికి స్క్రూడ్రైవర్‌తో కాళ్లను కలపడం తప్పు పద్ధతి. 10 కిలో ఓముల, 10 వాట్ల రెసిస్టర్‌కు రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న తీగలు కలిపి, ఒక చేత్తోనే పట్టుకొని పది సెకన్లపాటు కాళ్లకు తాకించి, ఆ తరువాత మల్టీమీటర్‌ను వెయ్యి వోల్టుల డీసీ దగ్గర పెట్టి చూడాలి. సూచిక సున్నాకు దగ్గరగా వచ్చేదాకా బోర్డును ముట్టరాదు. ఈ పద్ధతి నేను ఇక్కడ రాస్తున్నది పెద్దవారి కోసం.

అడాప్టర్ బయట ఉండేవి

నల్గొండ క్లాక్‌టవర్ సెంటర్ దగ్గర టీవీలు బాగుచేసే ఒక పెద్దాయనతో, స్క్రూడ్రైవర్ మొన కాలిన ఆ సాయంత్రమే, ఆ సంగతి చెప్పాను. ఆయన నా స్క్రూడ్రైవర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "సారూ, డబ్బా బయట ఉన్నదే తీస్కోండ్రి. లోపల కరెంటు ఉన్నది పిల్లల చేతికియ్యకుండ్రి," అన్నాడు. ఈ వ్యాసమంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుందని చెప్పవచ్చు.

ఆయన డబ్బా అన్నది అడాప్టర్‌ను. లాప్‌టాప్‌కు ఉన్నట్టే కొన్ని మానిటర్లకు నల్లని అడాప్టర్ బయట ఉంటుంది. గోడ కరెంటు ఆ మూసివున్న అడాప్టర్‌లోనే ఆగిపోయి, మానిటర్‌లోకి సన్నని గుండ్రటి పిన్ను ద్వారా 12, 14 లేదా 19 వోల్టుల డీసీ మాత్రమే వెళుతుంది. శామ్‌సంగ్ మానిటర్లలో 14 వోల్టులవి, ఎల్‌జీలో 19 వోల్టులవి ఎక్కువగా కనిపిస్తాయి. బ్యాక్‌లైట్ కూడా ఎల్‌ఈడీ అయితే, లోపల పుట్టే గరిష్ఠ వోల్టేజీ సాధారణంగా 30 నుంచి 60 మధ్య ఉంటుంది, పాదరసం ఉండదు. అడాప్టర్ పిన్నును లాగి కొన్ని నిమిషాలు ఆగితే భయపడవలసినదేమీ మిగలదు. అడాప్టర్‌ను మాత్రం ఏ కారణంతోనూ తెరవకూడదు.

కొనేటప్పుడు వెనుక ఉన్న చీటీని చదవడం ఒక్కటే చేయవలసిన పని. దాని మీద 100 నుంచి 240 వోల్టుల ఏసీ అని ఉంటే సప్లై లోపల ఉన్నట్టు, 14 లేదా 19 వోల్టుల డీసీ అని ఉంటే బయట ఉన్నట్టు. ఒక మెలిక మాత్రం ఉన్నది: అడాప్టర్ బయట ఉన్న పాత మానిటర్లలో కొన్నింటికి బ్యాక్‌లైట్ సీసీఎఫ్‌ఎల్ గొట్టాలదే అయి ఉండవచ్చు, అప్పుడు ఇన్వర్టర్ ప్రమాదం అలాగే ఉంటుంది. పెట్టె మీద లేదా ముందు అంచు మీద ఎల్‌ఈడీ అన్న గుర్తు ఉన్నదో లేదో చూడాలి.

వీటికీ ఒక లోపం ఉన్నది. గాజు పలచన. అర మిల్లీమీటరు మందం గల రెండు గాజు పలకల మధ్య ద్రవ స్ఫటికం ఉంటుందని గుర్తుంచుకుంటే, ఒక మూల పట్టి ఎత్తాలన్న ఆలోచన రాదు. ఇటీవలి సన్నంచు మానిటర్లలో ముందు చట్రమే లేకుండా, ప్యానెల్‌ను రెండువైపులా అంటుకునే టేపుతో అతికిస్తున్నారు, వాటిని పగలకుండా తీయడం చేయి తిరిగినవారికే కష్టం. కాబట్టి మధ్యకాలపు మానిటర్, అంటే సుమారు 2010 నుంచి 2015 మధ్య తయారై, ముందు అంచు వేలెడంత వెడల్పు ఉండి, ఎల్‌ఈడీ గుర్తూ బయటి అడాప్టరూ రెండూ ఉన్నది దొరికితే మరో ఆలోచన లేకుండా తీసుకోండి. 15.6 లేదా 18.5 అంగుళాల కొలతలో ఇవి దొరుకుతూ ఉంటాయి.

బ్యాక్‌లైట్ పోయిన మానిటర్ ఈ పనికి వరం వంటిది, ఎందుకంటే మనం పారేయబోయేదే పాడైంది. దుకాణంలో దాన్ని "డిస్‌ప్లే రాదు" అని పక్కన పడేసి ఉంటారు. కంప్యూటర్‌కు కలిపి, తెరకు దగ్గరగా టార్చి వేసి ఏటవాలుగా చూడండి. లీలగా బొమ్మ కదులుతూ కనిపిస్తే ప్యానెల్ బాగున్నట్టే. నిలువు గీతలు పడేవాటిని, ఎంత చవకైనా, తీసుకోకండి. గీత అంటే సాధారణంగా రిబ్బన్ (ప్యానెల్ అంచుకు సంకేతాలు తెచ్చే పల్చని పట్టీ) అతుకు వదులైందని అర్థం, ప్యానెల్‌ను చట్రం నుంచి తీసేటప్పుడు అది మరింత విడిపోతుంది. పాఠశాల కంప్యూటర్ ల్యాబ్‌లో మూలన పడి ఉన్న మానిటర్లను మాత్రం, అవి ఎంత పాతవైనా, రికార్డుల నుంచి తొలగించే ప్రక్రియ పూర్తికానిదే తెరవరాదు.

లాప్‌టాప్ ప్యానెల్ సంగతి

విరిగిన లాప్‌టాప్ నుంచి తీసిన ప్యానెల్ అన్నిటికంటే సురక్షితమైన దారి, ఎందుకంటే గోడ కరెంటుతో దానికి అసలు సంబంధం లేదు. బ్యాటరీని ముందుగా తీసివేస్తే చాలు. అయితే ఒక ఖర్చు అదనంగా పడుతుంది. మానిటర్‌లో ఉన్నట్టు కంప్యూటర్ నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ లేదా వీజీఏ సంకేతాన్ని నేరుగా అందుకునే బోర్డు లాప్‌టాప్ ప్యానెల్‌కు ఉండదు, ప్యానెల్ వెనుక చీటీ మీద ఉన్న మోడల్ సంఖ్యను బట్టి సరిపోయే కంట్రోలర్ బోర్డు వేరుగా కొనుక్కోవాలి. ఆ సంఖ్యను ఒక్క అక్షరం కూడా వదలకుండా చెప్పాలి. 30 పిన్నుల పాత ఎల్‌వీడీఎస్, 40 పిన్నుల ఎల్‌వీడీఎస్, 30 పిన్నుల ఈడీపీ అనే మూడు రకాల కనెక్టర్లు చూడటానికి దగ్గరగానే ఉంటాయి, ఒకదాని కేబుల్ మరొకదానికి పనికిరాదు.

బోర్డు మీద, ప్యానెల్‌కు ఇచ్చే వోల్టేజీని ఎంచుకోవడానికి, 3.3, 5, 12 అని మూడు స్థానాలున్న చిన్న జంపర్ (మార్చి గుచ్చే బిళ్ల) ఒకటి ఉంటుంది. లాప్‌టాప్ ప్యానెల్‌కు అది 3.3 దగ్గర ఉండాలి. డెస్క్‌టాప్ మానిటర్ ప్యానెళ్లకు సాధారణంగా 5 కావాలి కాబట్టి, కొత్త బోర్డు 5 దగ్గరే అమర్చి రావచ్చు. దాన్ని మార్చకుండా కరెంటు ఇస్తే ప్యానెల్ క్షణంలో కాలిపోతుంది. బోర్డులు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో అడగవచ్చు. నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్ల ప్రయాణం అది, కాబట్టి ప్యానెల్ చీటీని ఫోటో తీసుకొని వెళ్లడం మరువకండి.

పిల్లలు చేసే ప్రాజెక్టు అయితే నేను లాప్‌టాప్ ప్యానెల్‌కే మొగ్గుతాను. ఖర్చు తగ్గాలి, పెద్దవారి తోడు ఉన్నది అంటే బయటి అడాప్టర్ ఉన్న ఎల్‌ఈడీ మానిటర్ సరైనది.

కొలత, రిబ్బన్లు

పెద్ద ప్యానెల్ అయితే పెద్ద బొమ్మ వస్తుందని పిల్లలు అనుకుంటారు. గోడ మీద బొమ్మ కొలతను నిర్ణయించేది కటకమూ దూరమూ. ప్యానెల్ పెద్దదైతే పెట్టె పెద్దదవుతుంది, దానికి తగిన ఫ్రెనెల్ కటకం దొరకడం కష్టమవుతుంది. దీపం వెలుగును ప్యానెల్ అంతటా సమంగా పరచి, తిరిగి ముందు కటకంలోకి మళ్లించడానికి, సన్నని గాడులున్న ఈ పల్చని ప్లాస్టిక్ పలక తప్పనిసరి, అది ప్యానెల్‌ను పూర్తిగా కప్పాలి. 15.6 అంగుళాల వెడల్పు తెర 344 మిల్లీమీటర్ల వెడల్పు, 194 ఎత్తు ఉంటుంది. 18.5 అంగుళాలదైతే 410, 230. పాత 17 అంగుళాల చదరపు తెర 338, 270. పుస్తకం మీద పెట్టి చదివే ఏ4 కొలత ఫ్రెనెల్ పలక 297, 210 మాత్రమే కాబట్టి వీటిలో దేనికీ చాలదు. అందుకే ఫ్రెనెల్ పలక ఏ కొలతలో దొరుకుతుందో ముందు తేల్చుకొని, ఆ తరువాతే మానిటర్ కోసం వెతకమని నా సలహా.

పదో తరగతి కటక సూత్రంతో పెట్టె కొలతను ముందే కట్టవచ్చు. 15.6 అంగుళాల ప్యానెల్, 320 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కటకం తీసుకొని బొమ్మను ఐదు రెట్లు చేయాలనుకుందాం. గోడ మీద వెడల్పు 1,720 మిల్లీమీటర్లు, అంటే ఐదున్నర అడుగులకు పైనే. కటకం నుంచి గోడకు దూరం 320ని ఆరుతో గుణిస్తే 1,920. కటకం నుంచి ప్యానెల్‌కు దూరం ఆ 1,920లో ఐదో వంతు, అంటే 384. ఈ లెక్కను మా విద్యార్థులు నల్లబల్ల మీద కట్టి, తరువాత అట్టపెట్టెలో టేపుతో కొలిచి సరిచూసుకున్నప్పుడు వాళ్ల ముఖాలలో కనిపించిన వెలుగు కోసమే నేను ఈ ప్రాజెక్టును వదలలేకపోతున్నాను.

ఇక రిబ్బన్ల సంగతి. ప్యానెల్ అంచు నుంచి గోధుమరంగు పల్చని రిబ్బన్లు వరుసగా వచ్చి ఒక సన్నని పొడవాటి బోర్డుకు చేరుతాయి. ప్రతి రిబ్బన్ మీద నల్లని చిప్పు ఒకటి ఉంటుంది. వేడితో నొక్కి అతికించిన ఆ అతుకు ఊడితే సోల్డరింగ్‌తో అతకదు. నేను పాడుచేసిన మొదటి ప్యానెల్ ఇలాగే పోయింది. 1024 చుక్కల వెడల్పు గల 15 అంగుళాల ప్యానెల్‌కు పైవరుసలో ఎనిమిది రిబ్బన్లు ఉన్నాయి. చట్రాన్ని ఎత్తేటప్పుడు చివరి రిబ్బన్ మూల చీలింది, బొమ్మలో సరిగ్గా ఎనిమిదో వంతు నిలువు పట్టీ తెల్లగా మిగిలిపోయింది.

ఆ బోర్డు మానిటర్‌లో ప్యానెల్ వెనక్కి మడిచి ఉంటుంది. ప్రొజెక్టర్‌లో అలాగే ఉంచితే వెలుగుకు అడ్డం వస్తుంది కాబట్టి దాన్ని మెల్లగా విప్పి, ప్యానెల్‌తో ఒకే తలంలోకి తేవాలి. రిబ్బన్లు ఒకే అంచున ఉంటే ఇది సాధ్యం. పాత ప్యానెళ్లలో పై అంచునా పక్క అంచునా రెండు బోర్డులుండి, వాటి మధ్య పొట్టి కేబుల్ ఉంటుంది. దాన్ని చాపితే తెగుతుంది, చాపకుంటే నీడ పడుతుంది. కాబట్టి ఒకే అంచున బోర్డు ఉన్నదానికే ప్రాధాన్యమివ్వండి.

విప్పేటప్పుడు

పని మొదలుపెట్టే ముందు మానిటర్‌ను ఒక గంట నడిపి చూడాలి, లేకుంటే తరువాత వచ్చిన లోపం పాతదో మన చేతిదో తెలియదు. అన్ని తీగలూ తీసివేసి, మెత్తని బట్ట మీద తెరను కిందికి పెట్టి స్టాండును విప్పండి. వెనుక మరలు తీసిన తరువాత అంచుల కొక్కేలను ప్లాస్టిక్ ముక్కతో, పాత ఫోను సిమ్ కార్డుల అట్టతోనైనా సరే, ఒక వైపు నుంచి వరుసగా వదులు చేయాలి. లోహపు స్క్రూడ్రైవర్‌ను గాజుకూ చట్రానికీ మధ్య దూర్చకూడదు, గాజు మూల పగలడం ఎక్కువగా అక్కడే జరుగుతుంది. ప్రతి దశలో ఫోటో తీసుకోండి, మరలను ఏ దశవి ఆ దశలో వేర్వేరు కప్పులలో వేయండి.

మన ప్రాంతంలో చలికాలం, వేసవి రెండూ పొడిగానే ఉంటాయి. ప్లాస్టిక్ కుర్చీలో నుంచి లేచి రిబ్బన్ చిప్పును తాకితే, మన శరీరం మీది స్థిర విద్యుత్తు దాన్ని చంపగలదు. మణికట్టుకు కట్టే ఎర్త్ పట్టీ ఉంటే మంచిది, లేకుంటే పని మధ్యలో తరచుగా నీళ్ల కుళాయి వంటి ఎర్త్ అయిన లోహాన్ని తాకుతూ ఉండాలి. నూలు బట్టలు వేసుకోవడం మేలు.

లోహపు చట్రం వదిలాక ప్యానెల్‌ను తీయకుండా, మొదట చిన్న బోర్డు మరలను విప్పి, బోర్డును ఒకరు, గాజును ఒకరు పట్టుకొని ఒకేసారి ఎత్తాలి. ఇది ఇద్దరి పని. ఎత్తిన ప్యానెల్‌ను వెంటనే శుభ్రమైన గాజు లేదా అక్రిలిక్ పలక మీద పడుకోబెట్టండి. దాని రెండు వైపులా ఉన్న పోలరైజర్ పొరలను పీకకండి, వాటిలో ఒకటి పోయినా బొమ్మ కనిపించదు. ముందు పొర మీది మసక పూతను తడిపి ఒలిచే పద్ధతి ఒకటి ఉన్నది, దానివల్ల బొమ్మ కాస్త స్ఫుటంగా వస్తుంది. మొదటిసారి చేసేవారు దాని జోలికి పోవద్దు. నా రెండో ప్యానెల్ ఆ పనిలోనే పోలరైజర్‌తో సహా ఊడింది.

దీపం, వేడి

ప్యానెల్ తనకు అందిన వెలుగులో 5 నుంచి 8 శాతాన్ని మాత్రమే దాటనిస్తుంది. 8,000 ల్యూమెన్ల (వెలుగు కొలత) దీపం పెడితే, దానిలో మూడో వంతు ప్యానెల్‌కు చేరి, దానిలో ఆరు శాతం దాటి, కటకాలలో ఇంకొంత పోయి గోడకు చేరేది వంద ల్యూమెన్ల పైచిలుకు. చీకటి గదిలో పాఠం చూపడానికి అది చాలు, పగలు తలుపులు తెరిచి చూడటానికి చాలదు. ఇది తెలిసి చేస్తే నిరాశ ఉండదు.

మెటల్ హలైడ్ దీపం వెలుగు ఎక్కువ, కాని అతినీలలోహిత కిరణాలు, విపరీతమైన వేడి, వెలిగేటప్పుడు వేల వోల్టులు ఉంటాయి, దాన్ని వద్దనే చెబుతాను. 100 వాట్ల సీఓబీ ఎల్‌ఈడీ, అంటే చాలా చిన్న ఎల్‌ఈడీలను ఒకే పలక మీద కూర్చినది, 30 నుంచి 34 వోల్టుల మధ్య పనిచేస్తుంది. దానికి కరెంటు ఇచ్చే డ్రైవర్‌ను లోహపు డబ్బాలో మూసివున్నదే కొనాలి. పాత కంప్యూటర్ ప్రాసెసర్ మీది పెద్ద హీట్‌సింక్, ఫ్యాను లేకుండా దాన్ని ఒక్క నిమిషం కూడా వెలిగించకూడదు. 100 వాట్ల దానిని 70 దగ్గర నడిపితే ఎక్కువ కాలం వస్తుంది. వెలుగుతున్న ఎల్‌ఈడీని నేరుగా చూడరాదు.

చాలా మానిటర్ ప్యానెళ్లు 50 డిగ్రీల వరకు పనిచేసేలా తయారవుతాయి. నల్గొండలో మే నెల మధ్యాహ్నం గది లోపలే 40 దాటుతుంది. పెట్టెలో పది డిగ్రీలు పెరిగితే హద్దు చేరినట్టే. బొమ్మలో నల్లని మచ్చ మొదలై వ్యాపిస్తే అది వేడి గుర్తు, వెంటనే దీపం ఆర్పాలి. చల్లారాక మచ్చ పోతే ప్యానెల్ బతికినట్టు. దీపం వైపు ఫ్రెనెల్‌కూ ప్యానెల్‌కూ మధ్య రెండు సెంటీమీటర్ల సందు ఉంచి, కింద నుంచి ఒక ఫ్యాను గాలిని తోస్తూ, పైన మరొకటి లాగుతూ ఉండేలా అమర్చండి. మేము ఏప్రిల్, మే నెలలలో ఈ పెట్టెను రాత్రి ఎనిమిది తరువాతే తెరుస్తాము.

అసలు మానిటర్ విప్పడం అవసరమా

సినిమాలు, క్రికెట్ చూడటమే ఉద్దేశమైతే అవసరం లేదు. పది వేల రూపాయల లోపు దొరికే చిన్న ఎల్‌ఈడీ ప్రొజెక్టర్లు లోపల ఇదే సూత్రంతో, ఒక చిన్న ఎల్‌సీడీ పలకతో పనిచేస్తాయి, మనం చేసిన దానికంటే చిన్నగా, సురక్షితంగా ఉంటాయి. అన్నీ కొత్తగా కొని ఇంట్లో చేస్తే ఖర్చు దానికి దగ్గరగానే వస్తుంది. కాంతి ఎలా ప్రయాణిస్తుందో పిల్లల చేతులతో నేర్పాలనుకుంటే మాత్రం కొన్నది పనికిరాదు, దాన్ని తెరిచి చూపలేము.

ఆ రెండింటి మధ్య మరొక దారి ఉన్నది, దాన్ని చాలామంది మరిచిపోయారు. పాఠశాలల, శిక్షణ సంస్థల స్టోరు గదులలో పారదర్శక పలకలను గాజు బల్ల మీద పెట్టి గోడ మీద చూపే పాత ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్లు దుమ్ముపట్టి ఉంటాయి. దీపం, ఫ్రెనెల్, పైకటకం అన్నీ దానిలో అప్పటికే ఉన్నాయి, దాని గాజు బల్ల మీద ప్యానెల్‌ను పరిస్తే చాలు. సాధారణంగా ఆ బల్ల 285 మిల్లీమీటర్ల చదరం కాబట్టి, 286, 214 కొలతలు గల పాత 14.1 అంగుళాల లాప్‌టాప్ ప్యానెల్ దాదాపు అచ్చుగా కూర్చుంటుంది. దీపం బల్ల కింద ఉన్న రకమే పనికివస్తుంది. దీపం పైతలలో ఉండి, కింద అద్దం ఉండే మడత రకంలో వెలుగు ప్యానెల్ గుండా రెండుసార్లు పోవలసి వస్తుంది, బొమ్మ రాదు. హాలోజన్ దీపం వేడి ఎక్కువ కాబట్టి ప్యానెల్‌ను బల్ల మీద నేరుగా పెట్టక, నాలుగు మూలలా రెండంగుళాల దిమ్మెల మీద ఎత్తి, మధ్యలో ఫ్యాను గాలి వదలాలి. మీ పాఠశాలలో అటువంటిది ఉంటే, నా ఎంపికలో ఇదే మొదటిది.

మిగిలిన సామాను

సీసీఎఫ్‌ఎల్ గొట్టాలను విరగకుండా, వాటి లోహపు తొడుగుతో సహా తీసి మందపాటి అట్టగొట్టంలో ఉంచండి. విరిగితే కిటికీలు తెరిచి, పిల్లలను పదిహేను నిమిషాలు బయటికి పంపి, చీపురు వాడకుండా గట్టి కాగితంతో ముక్కలను ఎత్తి, టేపుతో పొడిని అద్ది, మూతగల సీసాలో వేయాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం ఇవీ, పవర్ బోర్డులూ నమోదైన రీసైక్లర్‌కు చేరాలి. పాత సామాన్లవారికి ఇస్తే రాగి కోసం కాల్చే అవకాశం ఉన్నది. మా ల్యాబ్ బీరువా పై అరలో నాలుగు గొట్టాలు ఎర్ర సిరాతో "పాదరసం, తెరవరాదు" అని రాసిన అట్టగొట్టంలో ఉన్నాయి, ఈసారి హైదరాబాద్ వెళ్లే రోజున వాటిని అప్పగించి రావాలి.